గంపమ్మకి లవంగం మత్తు

పున్నమికి మూడు రోజులు. పొద్దుటి పోటు.

మత్తు ఇచ్చే మనిషి పేరు: పేరంటాలు. ఊరు: ఏడో గట్టు. వయసు: నలభై ఏడు. నలభై అని రాద్దామనుకున్నాను గాని పక్కనుంచి మా మరిది తాతారావు తొంగి చూస్తున్నాడు. చదువు: ఆరో తరగతి. ఆ పైన సముద్రం వచ్చి బడిని పట్టుకుపోయింది. ఆ రోజు ఊరంతా ఏడ్చింది, నేను మాత్రం లెక్కల పుస్తకం తేలిపోతుంటే చప్పట్లు కొట్టాను.

చేప పేరు: గంపమ్మ. జాతి: పెంపుడు బొచ్చె. పొడవు పదిహేను అడుగులు, బరువు తొమ్మిది వందల కిలోలు. నోరు తెరిస్తే వడ్లగంప పడుతుంది, అందుకే ఆ పేరు.

జలశాఖ ఆఫీసరుగారూ, 'చేపను తరలించుటకు కారణము' అని మీరు ఈ పుస్తకంలో అగ్గిపెట్టంత గడి వదిలారు. కారణం అందులో పట్టదు, కింద రాస్తున్నాను. కొత్తలంక గట్టు వాళ్ళ చేప పోయిన నెల ముసలితనంతో పోయింది. పాచి తినే చేప లేక వాళ్ళ మంచినీళ్ళ చెరువు పచ్చగా గడ్డకడుతోంది. ఆ నీళ్ళు తాగితే వాంతులు. తొట్టెల్లో పట్టుకున్న వాననీళ్ళు ఇంకో తొమ్మిది రోజులకి సరిపోతాయట. మాకేమో రెండు చేపలున్నాయి. రెండున్న గట్టు, లేని గట్టుకి ఒకటి ఇవ్వాలి. చుట్టూ ఉప్పునీళ్ళు వచ్చి చేరాక మనుషులంతా కలిసి ఒప్పుకున్న మంచి మాట అదొక్కటే.

గంపమ్మని తొట్టిలో పెట్టి పంటు మీద, అంటే బల్లకట్టు పడవ మీద తీసుకెళ్ళాలి. అంత బరువుతో పంటు అడుగు తగలకుండా మధ్యనున్న ఉప్పు కాలవ దాటాలంటే పున్నమి పోటు కావాలి. అది తప్పితే మళ్ళీ అమావాస్యకే. అప్పటికి కొత్తలంకలో చేపని దించుకోవడానికి మనుషులు మిగలరు.

అక్కడినుంచి అబ్బులుగారని ఒకాయన వచ్చారు. తెడ్డులా సన్నగా, పొడుగ్గా ఉంటారు. ప్రతి రెండో మాటకీ 'ఆయ్' అంటారు.

"మత్తు ఇచ్చేది మీరేనాండీ?" అని అడిగారు.

"నేనేనండీ. ముందు మనుషుల మీద చూసుకుని, తర్వాత చేపకి ఇస్తాం."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. టీలో రెండు చుక్కల లవంగ నూనె వేసి ఇచ్చాను. సగం గ్లాసు తాగేసరికి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"పేయంతాయుగాయూ, నా నాయిక ఏవైందండీ?"

"ఉందండీ, పడుకుంది. అరగంటలో లేస్తుంది. చేపకీ ఇదే మందు. కాకపోతే దానికి ఒళ్ళంతా నాలుకే."

తాతారావు తల పట్టుకున్నాడు. "వదినా, ఆయన మన చుట్టం కాదు, పక్క గట్టు మనిషి."

"అందుకే రెండు చుక్కలు. నువ్వయితే నాలుగు."

ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టాను. బాకా పట్టుకుని గట్టంతా తిరిగి చెప్పాను: "పున్నమి దాకా గంపమ్మకి పస్తు! చిటికెడు తవుడు కూడా వెయ్యకూడదు! కడుపు ఖాళీగా ఉంటేనే మత్తు!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. "ఎందుకే, గంపమ్మకి ఏకాదశా?" అని ఒకరు, "మేవూ ఉండాలా, దానికేనా?" అని ఒకరు. వాళ్ళని అనడానికి లేదు. పోయిన ఏడు ఇదే బాకాతో, చేపలకి మనిషి ముఖం చూస్తే బెదురనీ, చెరువు ఒడ్డున అందరూ వెనక్కి నడవాలనీ చెప్పాను. అయిదు రోజులు నడిచారు. ఇద్దరు చెరువులో పడ్డారు. ఆరో రోజున మీ ఇన్‌స్పెక్టరు వచ్చి "ఈ ఊరికేమైంది?" అని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

పున్నమికి మూడు రోజులు. సాయంత్రం ఆటు.

చెరువులో ఒక మూల తెల్లటి బట్ట కట్టి, వడకట్టిన నీళ్ళు నింపి, గంపమ్మని అందులోకి తోలాం. పాచి తినడం అలవాటైన చేప అది, చెరువులో వదిలేస్తే పస్తు ఎక్కడ ఉంటుంది? నోరు తెరిచి, మూసి, ఏమీ రాక, మళ్ళీ తెరుస్తోంది.

నీళ్ళు వేడెక్కాయేమో చూద్దామని వెళ్ళాను. బట్ట వెనక గాజుల చప్పుడు. ఎత్తి చూస్తే ఆదెమ్మ పెద్దమ్మ. ఎనభై ఒక్క ఏళ్ళు, మోకాళ్ళు రెండూ పనిచెయ్యవు, అయినా బోర్లా పడుకుని గంపమ్మ నోట్లోకి తవుడు ముద్దలు విసురుతోంది. గంపమ్మ అరచెయ్యంత ఉన్నప్పటినుంచి పెంచింది ఆవిడే.

"పెద్దమ్మా! పస్తని చెప్పానుగా!"

"చెప్పావు లేవే. వెనక్కి నడవమనీ చెప్పావు. నా తుంటి ఇప్పటికీ నొప్పే."

"ఈసారి నిజం పెద్దమ్మా."

"అప్పుడూ అదే అన్నావు." ఇంకో ముద్ద విసిరింది. "పొరుగూరు పోయే పిల్ల. ఆకలితో పంపిస్తారేటే ఎవరన్నా?"

అబ్బులుగారు గట్టు మీద నిలబడి అంతా చూస్తున్నారు. వెనక్కి నడక సంగతి కూడా ఆయన చెవిన పడింది.

పున్నమికి రెండు రోజులు.

నోటితో చెప్తే నమ్మని ఊరికి కంటితో చూపించాలి. రెండు గాజు తొట్టెలు తెచ్చి రచ్చ దగ్గర పెట్టాను. జానెడు బొచ్చెపిల్లలు రెండు: ఒకటి నిన్నటినుంచి తిండి లేనిది, ఒకటి ఇప్పుడే తవుడు మెక్కింది. ఊరంతా చేరారు, ఏదో తమాషా ఉంటుందని.

రెంటిలోనూ మందు పోశాను. రెండూ ఊగాయి, ఒరిగాయి, పడుకున్నాయి. పస్తున్నది హాయిగా మొప్పలాడిస్తూ నిద్రపోయింది. తిన్నది కాసేపు పడుకుని, తిన్నదంతా పై నుంచీ కింద నుంచీ వదిలేసింది. నీళ్ళు కుడితిలా అయ్యాయి. ఆ కుడితే మళ్ళీ మొప్పల్లోకి. నోరు తెరుస్తుంది, గాలి అందదు, మళ్ళీ తెరుస్తుంది. నవ్వడానికి వచ్చినవాళ్ళు నవ్వు మానేశారు. ఒకావిడ "తియ్యండమ్మా దాన్ని, తియ్యండి" అంది.

తీసి, మంచినీళ్ళ ధార కింద నోరు పెట్టి ముందుకీ ముందుకీ నడిపించాను. నూరు లెక్కపెట్టేసరికి తోక కొట్టింది.

"ఇది జానెడు చేప కాబట్టి చేత్తో పట్టుకుని బతికించాను," అన్నాను. "గంపమ్మకి దారిలో ఇలా అయితే నేను చెయ్యగలిగింది ఏడవడమే. అది మీరూ చెయ్యగలరు."

ఆదెమ్మ పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "అయితే నిజవేనన్నమాట."

"నిజమే పెద్దమ్మా."

"ముందే ఇలా చూపించొచ్చుగా, ముదనష్టపుదానా!" అని తిట్టి, కర్ర తెప్పించుకుని, బట్ట దొడ్డి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఇక ఈగని కూడా వాలనివ్వలేదు. నీళ్ళ వేడి చూడడానికి వెళ్ళిన తాతారావుకి వీపు మీద రెండు పడ్డాయి. 'రక్షణ ఏర్పాట్లు' అన్న గడిలో 'ఆదెమ్మ' అని రాసుకోండి.

పున్నమికి ఒక రోజు.

నూనె నీళ్ళలో కలవదు, ఒక పాలు నూనెని తొమ్మిది పాళ్ళ సారాలో కలపాలి. కొలవడం తాతారావు పని. కొలిచిన ప్రతిసారీ ఒక పాలు తక్కువ వస్తోంది. "ఆవిరైపోతోంది వదినా" అంటాడు. ఆవిరి ఎక్కడికి పోయిందో నోరు తెరిస్తే తెలుస్తోంది.

గంపమ్మ పస్తు బాగా సాగుతోంది. కడుపు లోపలికి తగ్గింది, నీళ్ళు తేటగా ఉన్నాయి. నా నీడ ఎటు పడితే అటు వస్తోంది. దానికి నా నీడంటే తవుడు. రెండుసార్లు వెళ్ళి చూడాల్సింది ఒకసారే వెళ్ళి వచ్చేశాను.

అబ్బులుగారు రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే తాగుతున్నారు. మా గట్టులో నీళ్ళకి కొదవ లేదు, తాగండి అంటే, "ఆయ్, అలవాటు తప్పకూడదండీ" అన్నారు.

పున్నమి. తెల్లవారే పోటు.

దొడ్డిలో నీళ్ళు నడుము లోతుకి దించి మందు కలిపాను. రెండు నిమిషాలు విదిలించింది. నాలుగో నిమిషానికి తోక బరువెక్కింది. ఆరుకి పక్కకి ఒరిగింది. ఎనిమిదికి వెల్లకిలా, తెల్లటి పొట్ట పైకి. తోక మొదట్లో గట్టిగా గిల్లాను, ఉలకలేదు. మొప్పలు మాత్రం నింపాదిగా మూసి తెరుస్తోంది, నిమిషానికి ఇరవై. తొమ్మిది వందల కిలోల పొగరు అలా పసిపిల్లలా పడుకోవడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కళ్ళమీద తడిగుడ్డ కప్పాం. కింద నుంచి గోనెపట్టా దూర్చి, ఇంటికొకరు చొప్పున నలభై మంది పట్టుకున్నారు. "హైలెస్సా" అని ఎత్తి, ఒడ్డున ఒక్క నిమిషం దించి, చేతులు మార్చుకుని, మళ్ళీ ఎత్తి తొట్టిలో పెట్టాం. ఆ ఒక్క నిమిషంలో నేను పంటు మీద పంపు సరిచూస్తున్నాను. అందరూ గంపమ్మని ముట్టుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. పెట్టుకోనీలే అనుకున్నాను.

తొట్టి నీళ్ళలో మందు చాలా పలచన, నిద్ర పట్టి ఉంచడానికి సరిపడా. పంపు ఆ నీళ్ళనే తోడి, గాలి కలిపి, నోటి దగ్గర వదులుతుంది. పంటు మీద నేనూ తాతారావూ అబ్బులుగారూ. పున్నమి పోటు పంటుని ఎత్తుకుంది.

'చేప సహకరించినదా?' అని అడిగారు. సహకరించింది. మనుషుల గురించి గడి లేదు.

పున్నమి. దారిలో.

మొదటి గంట, మొప్పలు నిమిషానికి ఇరవై. అబ్బులుగారు మొదటిసారి కబుర్లు చెప్పారు. వాళ్ళ ఆవిడ పచ్చనీళ్ళతో వంకాయ మొక్కలు పెంచుతోందట, కాయలు భయంకరంగా కాస్తున్నాయట, తినడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలడంలేదట.

రెండో గంట, పదహారు. పంపు దగ్గింది. జల్లెడ తీసి చూస్తే తెల్లటి జిగురు. కడిగి పెట్టాను. పావుగంటకి మళ్ళీ దగ్గింది. తొట్టి నీళ్ళు గంజిలా మారాయి. చేప ఏమీ తినలేదే! వేలికి రాసుకుని నాకాను.

తియ్యగా ఉంది. బియ్యప్పిండి, బెల్లం, యాలకులు.

వైర్‌లెస్ తీసి గట్టుకి కొట్టాను. ఆదెమ్మ పెద్దమ్మని పిలిపించాను.

"పెద్దమ్మా, గంపమ్మ నోట్లో ఏమన్నా పెట్టావా?"

"ఏం లేదే."

"పెద్దమ్మా."

"చలిమిడి. చిటికెడు. గట్టు దాటేవాళ్ళని చలిమిడి పెట్టకుండా పంపుతావేటే? సముద్రం వచ్చిన్నాడు పడవెక్కినోళ్ళందరికీ మా అమ్మ పెట్టింది."

"పస్తని నువ్వే కదా కర్ర పట్టుకుని కూర్చున్నావు!"

"పస్తు ఎక్కడ చెడిందే? నిద్దరోయేది మింగుద్దేటి? నోట్లో పెట్టాను, అంతే. లేచాక తింటది."

వెనకనుంచి ఇంకో గొంతు: "మేవూ అంతేనండీ, బుగ్గన పెట్టాం." ఇంకొకటి: "మాది కొబ్బరేసిన చలిమిడండీ, మెత్తగా ఉంటది." ఇంకొకటి: "అందరూ పెట్టారా? నేనొక్కదాన్నే అనుకున్నానే!"

నలభై ఇళ్ళు. ప్రేమగా పెట్టే చిటికెడు ఎంత ఉంటుందో మీకు తెలియదా ఆఫీసరుగారూ? మా ఊళ్ళో అది దోసెడు.

బొచ్చె మొప్పల లోపల దువ్వెన పళ్ళలాంటి జల్లెడ ఉంటుంది. పాచి వడకట్టుకునేది దానితోనే. మెలకువగా ఉంటే ఒక్క దగ్గుతో ఊసేసేది. మత్తులో ఉన్నదానికి దగ్గు రాదు. చలిమిడి నాని, కరిగి, పళ్ళ సందుల్లో అతుక్కుని కూర్చుంది.

భుజం దాకా నోట్లో చెయ్యి పెట్టి ముద్దలు లాగాను. చీర కొంగుతో నీళ్ళు వడకట్టాను. తాతారావు పంపు ఆపి, ఊది, తిట్టి, మళ్ళీ పెట్టాడు. ముద్దలైతే వచ్చాయి, సందుల్లో జిగురు రాలేదు. పన్నెండు. పది.

"లేపేస్తేనో వదినా?" అన్నాడు తాతారావు.

"ఈ తొట్టిలో లేస్తే ఒక్క తోక విసురుకి మనం ముగ్గురం సముద్రంలో, అదీ సముద్రంలో. లేపడానికైనా, కడగడానికైనా మంచినీళ్ళే కావాలి. ధారగా, నోట్లోంచి పోసి మొప్పల్లోంచి పోనివ్వాలి."

చుట్టూ కనుచూపు మేర నీళ్ళే. అన్నీ ఉప్పే. పోస్తే మొప్పలు కాలిపోతాయి. వెనక్కి వెళ్ళాలంటే పోటుకి ఎదురు, నాలుగు గంటలు. ముందుకి కొత్తలంక, గంటకి పైనే. కొత్తలంకలో ఉన్న మంచినీళ్ళు ఎన్నో మా ముగ్గురికీ తెలుసు.

అబ్బులుగారి వైపు తిరిగాను. "మీ వాళ్ళని పడవల్లో ఎదురు రమ్మనండి. ఉన్న నీళ్ళన్నీ పట్టుకుని."

ఆయన వైర్‌లెస్ మీద చెయ్యి వేసి ఆగారు. "పేరంటాలుగారూ, ఒక్కమాటండీ. ఇది మీ తమాషా అయితే ఇప్పుడే చెప్పెయ్యండి. ఏమీ అనుకోను. మా పిల్లలు తాగే నీళ్ళండీ అయ్యి."

ఒట్టు వేద్దామంటే, నా ఒట్లకి మా ఊళ్ళోనే విలువ లేదు. ఆయన చెయ్యి పట్టుకుని గంపమ్మ మొప్ప మీద పెట్టాను. "లెక్కపెట్టండి," అన్నాను.

నిమిషం పాటు పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. ఏడు.

వైర్‌లెస్ అందుకున్నారు. కొత్తలంకలో నీళ్ళ తాళం దేవుడమ్మగారి దగ్గర ఉంటుందట, ఆవిడనే పిలిచారు. జరిగింది జరిగినట్టు చెప్పారు.

"ఆరు రోజుల నీళ్ళు అబ్బులూ," అంది ఆవిడ.

"ఆయ్, తెలుసండి పిన్నిగారూ. చేప పోతే ఆ ఆరు రోజులూ దేనికండీ, కళ్ళు కడుక్కోడానికా?"

"ఆ మత్తావిడ ఉందా? ఆవిడకియ్యి." ఇచ్చారు. "ఏవమ్మా, పోస్తే బతుకుద్దా?"

అడిగిన ప్రతిదానికీ నా దగ్గర జవాబు ఉంటుంది, తప్పో ఒప్పో. అలాంటిది, "తెలీదండీ" అన్నాను. "పొయ్యకపోతే మాత్రం బతకదు."

లైను తెగిపోయింది. వస్తున్నామనలేదు, రామనలేదు. అబ్బులుగారు మళ్ళీ కొట్టారు, ఎవరూ ఎత్తలేదు. తాతారావు పంటు వేగం పెంచాడు. నేను గంపమ్మ నోట్లో చెయ్యి పెట్టి గీరుతూనే ఉన్నాను. ఏడు. ఏడు. ఆరు.

పున్నమి. నడి కాలవ.

ముందు కనిపించింది బిందెల మీద ఎండ. నీళ్ళ మీద ఒక తళుకు, పక్కన ఇంకో తళుకు, తర్వాత ఇరవై తళుకులు. "వస్తున్నారండోయ్!" అని అబ్బులుగారు పంటు మీద గెంతారు. ఆ మనిషి గెంతగలడని నేను అనుకోలేదు.

పిలుస్తుంటే ఎందుకు పలకలేదంటే, అందరూ తొట్టెల దగ్గర ఉన్నారట. వైర్‌లెస్ దగ్గర మనిషి మిగల్లేదు.

మొదటి పడవలో దేవుడమ్మగారు. భారీ మనిషి, మొలకి తాళంచెవి. పంటు ఎక్కి గంపమ్మని తల నుంచి తోక దాకా చూసింది. "ఇంత పిల్లా!" అని, చీర ఎగ్గట్టి, "నోరు తెరిపించండి" అంది.

తెడ్డుకి గుడ్డ చుట్టి అబ్బులుగారూ తాతారావూ దవడ ఎత్తి పట్టుకున్నారు. నేను మొప్ప తలుపు తెరిచి పట్టుకున్నాను. పడవ నుంచి పడవకి, చేతి నుంచి చేతికి బిందెలు. దేవుడమ్మగారు అందుకుని పోస్తోంది. నోట్లో తేట నీళ్ళు, మొప్పల్లోంచి పాలలాంటి నీళ్ళు. ప్రతి బిందె ఖాళీ అయినప్పుడు అది తెచ్చిన మనిషి ఒకసారి లోపలికి చూసుకుని పక్కన పెడుతున్నారు.

ముప్ఫై బిందెలకి మజ్జిగ రంగు. యాభైకి పలచని మజ్జిగ. "ఏటమ్మా ఇది, ఊరి చలిమిడంతా దీని నోట్లోనే ఉందా?" అంది దేవుడమ్మగారు.

"ఊరిదేనండీ. కొబ్బరి వేసింది కూడా ఉంది."

ఆవిడ నవ్వింది. చేతుల్లో బిందె వణికి కొంచెం ఒలికింది. "నవ్వించకమ్మా, నీళ్ళు పోతన్నాయి!"

తొంభై రెండో బిందెకి తేట. లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ పెట్టాను. తొమ్మిది. మళ్ళీ పెట్టే ముందు చెయ్యి తుడుచుకున్నాను. పదమూడు.

"పదమూడు!" అని అరిచాను. దేనికి పదమూడో సగం పడవలకి తెలియదు. అయినా అందరూ అరిచారు.

పున్నమి. కొత్తలంక చెరువు.

ఒక మూల పాచి తోసేసి, బట్ట కట్టి, గంపమ్మని దించాం. దించి వదిలేస్తే కాదు. మత్తులో ఉన్న చేప రాయిలా అడుక్కి పోతుంది. పట్టుకుని ముందుకి నడిపించాలి, నోట్లోంచి నీళ్ళు పోతూ ఉండాలి. వెనక్కి లాగకూడదు. నడుము లోతులో అటు ముప్ఫై మంది, ఇటు ముప్ఫై మంది. దొడ్డి చుట్టూ ఒక ప్రదక్షిణం. రెండు. మూడు. "ఎన్ని తిరగాలండీ?" అని ఎవరో అడిగారు. "అది చెప్పేదాకా" అన్నాను.

నాలుగో చుట్టులో తోక వేలెడు కదిలింది. "వదలకండి!" అన్నాను. అయిదో చుట్టులో అదే చెప్పింది. ఒక్క విసురు. అటు ముప్ఫై మందీ నీళ్ళలో వెల్లకిలా, ఇటు ముప్ఫై మందీ బోర్లా. దేవుడమ్మగారు మునిగి, తాళంచెవి నోట్లో కరుచుకుని పైకి లేచింది. అబ్బులుగారి మీద నేను పడ్డాను, నా మీద తాతారావు పడ్డాడు. గంపమ్మ బట్ట చీల్చుకుని పచ్చటి నీళ్ళలోకి పోయింది. మూడు రోజుల ఆకలి కదా, నోరు గంపలా తెరిచి పాచిలో పడింది. అది పోయిన దారి వెంట, తలుపు వెడల్పున, నల్లటి తేట నీళ్ళ చార.

సాయంత్రం తొట్టెల్లో మిగిలింది మనిషికి ఒక గ్లాసు. నాకూ ఇచ్చారు. వద్దనబోతే దేవుడమ్మగారు, "అతిథివి. తాగకపోతే నీ నోరూ తెడ్డేసి తెరిపిస్తాను" అంది. నాకు సరిజోడు ఇన్నాళ్ళకి దొరికింది. తాగాను.

'తప్పు ఎవరిది?' అన్న గడిలో మీరు ఆదెమ్మ పెద్దమ్మ పేరు కోసం చూస్తున్నారేమో. రాయను. పస్తు అని బాకాలో చెప్పిందాన్ని, నోట్లో పెట్టడం కూడా తినిపించడమేనని చెప్పలేదు. పైగా ఆ ఒక్క నిమిషం చేపని వదిలి పంపు దగ్గర ఉన్నది నేను. ఆ గడిలో నా పేరు రాసుకుని, వచ్చే పుస్తకంలో ఒక గడి పెంచండి: 'నోరు కడిగి చూసితిరా?'

పున్నమి మర్నాడు. మధ్యాహ్నం.

మొప్పలు నిమిషానికి ముప్ఫై రెండు. పొద్దున్నుంచి గంపమ్మ ఆగలేదు. చెరువంతా చారలు చారలుగా ఉంది, దుక్కి దున్నినట్టు. ఒడ్డున ఊరంతా కూర్చుని చూస్తున్నారు. పెదవులు ఎండిపోయాయి, అయినా లేవడంలేదు. మా గట్టు నుంచి నీళ్ళ పడవలు బయల్దేరాయని వైర్‌లెస్‌లో చెప్పారు, పొద్దుగూకేలోపు వస్తాయి.

ఇందాక రేవు మెట్ల మీదనుంచి దేవుడమ్మగారి తోటికోడలు కేక వేసింది, "అడుగు కనిపిస్తందర్రోయ్!" అని. అందరం పరుగెత్తాం. నిజమే. మూడో మెట్టు, నాలుగో మెట్టు, ఆ కింద ఇసుక. ఇసుకలో సగం కూరుకుపోయి ఒక ఇత్తడి బిందె.

"అది మాది!" అంది తోటికోడలు. "పోయిన ఏడు జారిపోయింది."

"మీది రాగిది. ఇది మా అమ్మ పెట్టింది, అంచు నొక్కుపడి ఉంటది చూడు," అంది దేవుడమ్మగారు.

"నొక్కు మా బిందెకీ ఉంది!"

"నీ బిందెకి నొక్కేటి, నువ్వు నీళ్ళు మోసిందెప్పుడు?"

రెండు నిమిషాల్లో ఊరు రెండు జట్లయింది. నిన్న ఆరు రోజుల నీళ్ళు మాట్లాడకుండా పోసినవాళ్ళు ఒక్క బిందె కోసం ఒకరి పుట్టింటిని ఒకరు ఏకిపారేస్తున్నారు. అబ్బులుగారు మధ్యలో నిలబడి ఇద్దరికీ 'ఆయ్' అంటున్నారు. వినడానికి ఎంత బాగుందో చెప్పలేను.

నేను చీర దోపుకుని మెట్లు దిగాను. "ఎందుకమ్మా కొట్లాట? అది నాది," అన్నాను.

ఇద్దరూ ఒక్కసారిగా నా మీదకి తిరిగారు.